వెనకవైపు అతుకు

పోయినవారం నేను కథ ఆపిన చోటు బాగాలేదని నన్ను తిట్టుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారట. తిట్టుకోండి, నాకేం కోపం లేదు. ఒక మనిషిని వంగోబెట్టి, ఆమె చేతిలో ఒక ఇనప ముక్క పెట్టి, గుండె ఆగినంత పనైందని రాసి వదిలేస్తే ఎవరికైనా మండుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళ కోసం వెనకటి సంగతులు నాలుగు ముక్కల్లో చెప్పేసి అసలు కథలోకి వెళ్ళిపోదాం.

ఓడల మరమ్మతు యార్డులో ఒక పెద్ద క్రేను ఉంది. రెండు ఎత్తయిన కాళ్ళ మీద అడ్డంగా పడుకున్న ఇనప దూలం, దాని మీద పట్టాలు, ఆ పట్టాల మీద నడిచే ట్రాలీ, ట్రాలీకి కింద వేలాడే గాజు గది. నడిపేవాళ్ళు కూచునేది ఆ గదిలోనే. క్రేను ముసలిదైపోయింది, దాని అతుకులు ఇంకెన్నాళ్ళు ఆగుతాయో చూసి చెప్పమని, పని ఆపించి, పరీక్షల ల్యాబుకి అప్పగించారు. ల్యాబులో ఆ పని మన అద్దానిది. అసలు పేరుతో ఆమెని ఎవరూ పిలవరు. ఎంత సాగుతోందో చూపే కొలత బిళ్ళ అంటించేముందు ఇనుముని ఉప్పుకాగితంతో మొహం కనపడేదాకా రుద్దుతుందని అందరూ 'అద్దం' అంటారు. క్రేను నడిపేదేమో ఆమె సొంత అక్క. నెలల తరబడి కొలిచి, 'ఇంకో ఎనిమిదేళ్ళు దీనికి ఢోకా లేదు' అని అద్దం సంతకం పెట్టింది. అక్క ఆనందం పట్టలేక చెల్లెల్ని ఎత్తి గిరగిరా తిప్పింది. అంతా బాగుంది అనుకుంటుంటే, ల్యాబు తలుపుకి అడ్డం పెట్టుకున్న ఒక ఇనప ముక్క ఆమె కాలు తగిలి బోర్లా తిరిగింది. అది పరీక్షలో పగలకుండా నెగ్గిన ముక్క. నెగ్గిందన్న ధీమాతో దాని వీపు ఎవ్వరూ చూడలేదు. ఆ వీపు మీద, అతుకు అంచునే, బారుగా పగులు.

అదీ జరిగింది. ఇప్పుడు మేనేజరు గదిలోకి రండి.

ఆ గదిలో కుర్చీలు చాలానే ఉన్నాయి, అద్దాన్ని మాత్రం ఎవరూ కూచోమనలేదు. బల్లకి అటు యార్డు మేనేజరు, పక్కన ల్యాబు డైరెక్టరుగారు. కిటికీలోంచి క్రేను కనపడుతోంది. దాని కింద, యార్డు వైపు గట్టు మీద, కొత్తగా బాగుచేసిన ఓడ ఇంజను తాళ్ళు కట్టించుకుని సిద్ధంగా కూచుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక దాన్ని ఎత్తి, దూలం పొడుగునా తీసుకెళ్ళి, నీళ్ళ వైపు ఆగి ఉన్న ఓడలో దింపాలి. క్రేను ఆగిపోయాక ఎత్తబోతున్న మొదటి బరువు అదే.

అద్దం సంచిలోంచి ఇనప ముక్క తీసి బల్ల మీద పెట్టింది. పెట్టిందంటే మర్యాదగా ఉంటుందని రాశాను కానీ, నిజానికి పడేసింది.

"ఏంటమ్మా ఇది! బల్ల మీద గాజుపలక పగిలితే?" మేనేజరు కాఫీ కప్పు పట్టుకుని వెనక్కి జరిగాడు.

"గాజు పగిలితే కొత్తది వేయించుకోవచ్చు సార్. ముందు దీని వీపు చూడండి."

డైరెక్టరుగారు కళ్ళజోడు సర్దుకున్నారు. ఆయనకి విషయం పొద్దున్నే తెలుసు. తెలిసీ, కారులో వస్తున్నంతసేపూ "అక్కడ నేను మాట్లాడతాను, నువ్వు ఊరుకో" అని చెప్తూనే ఉన్నారు. అద్దం ఊరుకుంటానని ఎక్కడా అనలేదు.

"ఒక ముక్కలో ఒక పగులు," అన్నారాయన. "దానికింత రాద్ధాంతం అక్కర్లేదనుకుంటాను. కొలతల్లో ఏ తప్పూ లేదు."

"కొలతల్లో తప్పు లేదండీ. తప్పు నా చేతిలో ఉంది."

మేనేజరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఎవరో ఒకరు నాకు అర్థమయ్యేలా చెప్పండి బాబూ."

"నేను చెప్తాను," అంది అద్దం. "ఒక సన్నటి ఇనప తీగని ఒకసారి వంచితే ఏమీ కాదు. అదే తీగని అదే చోట వంచుతూ, తిన్నగా చేస్తూ, మళ్ళీ వంచుతూ ఉంటే కాసేపటికి చేతిలోకి రెండు ముక్కలు వస్తాయి. బలం ఎక్కువై విరగలేదది, అలిసిపోయి విరిగింది. మీ క్రేను కూడా అంతే. బరువెత్తిన ప్రతిసారీ అతుకుల దగ్గర ఇనుము పిసరంత సాగుతుంది, దింపితే మళ్ళీ ముడుచుకుంటుంది. ఎంత సాగుతోందో నేనంటించిన బిళ్ళలు చెప్తాయి. దాన్నిబట్టి ఒత్తిడి ఎంతో తెలుస్తుంది. ఇంతవరకూ సరే."

"సరే," అన్నాడు మేనేజరు. అర్థమైనందుకు ఆయనకే కాస్త ఆశ్చర్యంగా ఉన్నట్టుంది.

"ఆ ఒత్తిడికి అతుకు ఎన్నాళ్ళు ఆగుతుందో తెలియాలంటే ఒక అతుకుని అలిసిపోయేదాకా లాగి చూడాలి. పక్క గట్టు మీద విప్పేసిన పాత క్రేను నించి ఈ ముక్క కోసుకొచ్చాం. ముందూ వెనకా ఒకే రకం అతుకు, ఒకే చేతి వెల్డింగు. యంత్రంలో పెట్టి లాగీ వదిలీ, లాగీ వదిలీ, ఎనిమిదేళ్ళ చాకిరీ దానితో చేయించాం. ముందువైపు వెంట్రుకంత గీత కూడా పడలేదు. బిళ్ళ ఉన్నది ముందువైపే, మేం చూసిందీ ముందువైపే."

"మరి వెనకవైపు ఎందుకు పగిలింది?"

"వెనకవైపు నేను రుద్దలేదు కాబట్టి."

డైరెక్టరుగారు కిటికీ వైపు చూస్తున్నారు.

"వెల్డింగు వచ్చి రేకుని కలిసే చోట సన్నటి మూల ఒకటుంటుంది సార్. గోరు పెడితే తెలుస్తుంది. పగులు పుట్టేది ఆ మూలలోనే. బిళ్ళ చదునుగా కూచోవాలని, అందంగా ఉండాలని, నేను ఆ మూలని కూడా కలిపి అరగదీసేశాను. నాకు అద్దం అని పేరుంది కదా! మీరంతా వచ్చి చూసి మెచ్చుకున్నారు, నేనూ మురిసిపోయాను. ఆ మూల పోవడంతో ఆ అతుకు ఆయుష్షు పెరిగిపోయింది. నేను కొలిచింది మీ క్రేను బలాన్ని కాదు సార్, నా పనితనాన్ని. క్రేను మీద కూడా నాలుగు అతుకులే అలా రుద్దాను. మిగతా వందల అతుకులు రుద్దనివే."

చిన్నప్పటి నించీ చేతి పని మీద ఆమెకున్న గర్వం అంతా ఇంతా కాదు. ఆ గర్వమే ఇప్పుడు అందరి ముందూ బల్ల మీద బోర్లా పడి ఉంది. అయినా చూపు దించలేదు.

మేనేజరు మొహం ఉన్నట్టుండి విప్పారింది. "ఓస్, ఇంతేనా! అయితే మిగతావి కూడా రుద్దెయ్యి. నీకొచ్చిన పనే కదా!"

"రుద్దుతాను. పగులు పుట్టని అతుకైతే రుద్దితే బాగుపడుతుంది. పుట్టేసిన చోట రుద్దితే పైపై మెరుగే. పుట్టిందో లేదో ముందు చూడాలి. ఒక్క పూట క్రేనుని నాకు వదిలెయ్యండి."

"పూటా!" మేనేజరు ఒంటికాలి మీద లేచాడు. "ఓడవాళ్ళు గట్టు మీద నిలబడి నన్ను తినేస్తున్నారమ్మా. ఇంజను ఇవ్వాళ దిగకపోతే వాళ్ళు ఇంకో యార్డుకి పోతారు. వాళ్ళు పోతే మిగతావాళ్ళూ పోతారు. అప్పుడు నీ అతుకులు చూసుకోవడానికి ఇక్కడ యార్డే ఉండదు."

ఈ మేనేజరు గురించి ఒక మాట చెప్పకపోతే నాకు తోచదు. ఈయన చెడ్డవాడు కాదు. పనివాళ్ళ పిల్లలకి జ్వరమొస్తే తన కారు పంపిస్తాడు. కానీ ఒట్టి భయస్తుడు. పైవాళ్ళంటే భయం, ఓడవాళ్ళంటే భయం, ఆలస్యమంటే భయం. ఇన్ని భయాల మధ్య భయపడాల్సిన అసలు దానికి ఆయన దగ్గర చోటు మిగల్లేదు. నన్నడిగితే చెడ్డవాడైనా నయం, కనీసం వాడికి తనేం చేస్తున్నాడో తెలుస్తుంది.

"అయితే ఒక పని చేస్తాను సార్," అంది అద్దం. "ఎనిమిదేళ్ళు అని నేను పెట్టిన సంతకం వెనక్కి తీసుకుంటున్నాను. ఇప్పుడే. మీ ఇద్దరి ఎదురుగానే."

"అలా కుదరదు," డైరెక్టరుగారు గభాల్న ఇటు తిరిగారు. "ల్యాబు నాది. నివేదిక ల్యాబుది. కావాలంటే నేను పెడతాను సంతకం. నువ్వు అలిసిపోయావు, ఇంటికెళ్ళు. క్రేను నడిపేది మీ అక్క కావడం వల్ల నీకు లేనిపోని కంగారు."

అద్దం ఆయన వైపు చూసింది. పని నేర్పింది ఆయనే. కొలతని మన ఇష్టానికి వంచకూడదని మొదటి రోజు చెప్పిందీ ఆయనే. ఆ సంగతి ఇప్పుడు గుర్తు చేస్తే ఆయన నొచ్చుకుంటారని ఆమెకి తెలుసు. నొచ్చుకుంటే నొచ్చుకోనీ అనిపించింది కానీ, దానికంటే మంచి ఉపాయం తోచింది.

"మహరాజులా పెట్టండి. పెట్టేముందు ఒక్కసారి ఈ పగులు మీద వేలు పెట్టి చూడండి చాలు."

ఇనప ముక్కని ఆయన వైపు తోసింది. ఆయన చెయ్యి జేబులోనే ఉండిపోయింది. మేనేజరు మాత్రం గడియారం చూసుకున్నాడు.

"చూడమ్మా, నీకో సంగతి చెప్పనా? క్రేను ఎప్పుడు మొదలుపెడతారని అందరికంటే ముందొచ్చి నా ప్రాణం తీస్తున్నది మీ అక్కే. ఆవిడ కాదంటే మీ బావ ఉన్నాడు. ఇద్దరికీ లైసెన్సుంది. నీ సంతకం నువ్వు తీసుకుపో, మాకేం నష్టం లేదు."

"నష్టం లేదా?" అద్దం ముక్కని మళ్ళీ సంచిలో వేసుకుంది. "సరే సార్. ఆ మాట మా అక్క ఎదురుగా అందురు గాని."

తలుపు దభీమని వేసి వెళ్ళిపోయింది. గాజుపలక పగల్లేదు కానీ కాఫీ మాత్రం బల్ల మీద ఒలికింది.

*

అక్క క్రేనుకి నీళ్ళ వైపు కాలు దగ్గర పెట్టె మీద కూచుని చేతి తొడుగులు ఎండలో ఆరబెట్టుకుంటోంది. ఆవిడ మనిషి నిండుగా ఉంటుంది, గొంతు అంతకంటే నిండుగా ఉంటుంది. అమ్మ పోయాక చెల్లెల్ని పెంచింది ఆవిడే. తల దువ్వింది, తన్నింది, చదివించింది. గాజు గదిలో కూచుని పాటలు పాడుకుంటూ ఇంతేసి ఇంజన్లని గుడ్డు దింపినంత మెల్లగా దింపే చెయ్యి ఆవిడది. యార్డంతా ఒప్పుకుంటారు.

చెల్లెలు చెప్పిందంతా విని, అక్క తొడుగులు ఒక్కొక్కటే తిరగేసి మళ్ళీ ఆరబెట్టింది. అద్దానికి అదే భయమేసింది. అక్క అరిస్తే ఫరవాలేదు.

"అయిందా?" అంది చివరికి. "ఇక నేను మాట్లాడచ్చా?"

"మాట్లాడక్కా."

"క్రేను ఆగిపోయిన దగ్గర్నించీ సగం జీతంతో ఇల్లు ఎలా లాక్కొచ్చానో నీకు తెలుసు. మీ బావా నేనూ పొద్దున లేస్తే ఒకరి మొహం ఒకరు చూసుకోడానికి భయపడ్డాం. పోనీలే, నా చెల్లెలే కదా కొలుస్తోంది, త్వరగా తేల్చేస్తుంది అనుకున్నా. తేల్చావు. ఎనిమిదేళ్ళు అన్నావు. నేను ఊరంతా చెప్పుకున్నానే! ఆ ఎనిమిదేళ్ళు అన్న నోటితోనే ఇవ్వాళ ఒక్క పూట కూడా ఆగదంటున్నావు. అసలు నీ నోటికి ఏమన్నా విలువుందా?"

"లేదు," అంది అద్దం. "అందుకే నోటితో చెప్పడం మానేశా. పైకి రా, చూపిస్తా."

"ఏం చూపిస్తావే?"

"దూలం ఈ కాలుని కలిసే మూల. వెనకవైపు. నువ్వెత్తిన బరువు నీళ్ళ వైపుకి వచ్చినప్పుడల్లా ఎక్కువ చాకిరీ చేసేది ఆ అతుకే. పరంజా కట్టింది యార్డు వైపు కాబట్టి అటువైపే చూశాం. వెనకాల ఎవరూ చూడలేదు. సంచిలో మందు డబ్బాలు ఉన్నాయి. పగులుంటే ఎర్రగా బయటపడుతుంది. లేకపోతే ఉత్తి తెలుపే."

అక్క తల ఎత్తి నిచ్చెన చూసింది, తర్వాత చెల్లెల్ని చూసింది. "నీకు ఎత్తంటే కళ్ళు తిరుగుతాయి."

"తిరగనీ. తిరుగుతూనే ఎక్కుతా."

"మొండిఘటం!" అంది అక్క. తిట్టే అయినా, అందులో వేడి తగ్గింది. "మీ అమ్మ పోలిక."

"నీకూ అమ్మేగా!"

"అందుకే చెప్తున్నా. పగులు లేకపోతే కిందకి దిగాక ఏం చేస్తానో తెలుసా?"

"నలుగురి ముందూ తన్ను."

"తంతా. ఊరికే వదులుతాననుకున్నావా?"

ఆ యార్డులో చిన్నా పెద్దా అందరికీ కంఠతా వచ్చిన నియమం ఒకటుంది. దూలం మీదకి ఎవరెక్కినా క్రేను తాళంచెవి జేబులో వేసుకునే ఎక్కాలి. చెవి జేబులో ఉంటే క్రేను కదలదు, క్రేను కదలకపోతే మనిషి క్షేమం. అక్క తాళంచెవి తీసి చొక్కా జేబులో వేసుకుని బొత్తాం పెట్టుకుంది. ఇద్దరూ బెల్టులు కట్టుకున్నారు. నిచ్చెన మొదట్లో, పైన మనుషులున్నారని చెప్పే ఎర్రబోర్డు తగిలించి, చెల్లెల్ని ముందు ఎక్కమని, తను వెనక ఎక్కింది. జారితే తన మీదే పడాలని.

సగం ఎక్కేసరికి అద్దానికి నిజంగానే కళ్ళు తిరిగాయి. కింద నుంచి అక్క "పైకి చూడు, కిందకి చూశావంటే చంపేస్తా" అని అరుస్తూనే ఉంది. చంపుతానన్న మాట అంత ధైర్యం ఇస్తుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. ఎలాగో పైకి చేరారు. దూలం మీద గాలి గట్టిగా కొడుతోంది. అవతలి చివర, దూరంగా, గాజు గది ఖాళీగా వేలాడుతోంది.

వెనకవైపు అతుకు చూడాలంటే దూలం అంచు మీద బోర్లా పడుకుని తల కిందకి వంచాలి. అక్క ఆమె నడుము బెల్టు రెండు చేతులతో పట్టుకుని కూచుంది. అద్దం పాత రంగుని గీకింది. ఇనుము బయటపడ్డాక గుడ్డతో తుడిచింది. రుద్దలేదు. చేతులు అలవాటు కొద్దీ ఉప్పుకాగితం కోసం వెతికాయి, ఆమె పళ్ళు బిగించి వాటిని ఆపుకుంది. తర్వాత ఎర్రమందు కొట్టింది. పగుల్లోకి అది ఇంకడానికి కాసేపు ఆగాలి.

"ఇప్పుడేంటి?" అంది అక్క.

"కూచోవాలి."

"నువ్వు పడుకున్నావు, కూచుంది నేనే." కాసేపాగి, "ఒసేయ్, ఏమీ లేదని తేలితే ఆ డైరెక్టరు నిన్ను ఉద్యోగంలో ఉంచుతాడా?"

"పగులున్నా తీసేస్తాడు, లేకపోయినా తీసేస్తాడు."

"మరి ఎందుకే ఇదంతా?"

అద్దం తల కిందకి వేలాడేసి ఉండటం వల్ల కళ్ళలోకి నీళ్ళొచ్చాయని చెప్పుకోవచ్చు కానీ, అందుకు రాలేదు. "ఆ గాజు గదిలో నువ్వు కూచుంటావు కాబట్టి," అంది. "నువ్వు కాకపోతే ఇంకెవరో కూచుంటారు. వాళ్ళకీ ఇంట్లో ఒక చెల్లెలు ఉంటుంది."

అక్క బెల్టు ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

ఎర్రమందు పైపైన తుడిచేసి, తెల్లపొడి చల్లింది అద్దం. పొడి ఆరి, అతుకంతా సున్నం కొట్టినట్టు తెల్లగా అయింది. తెల్లగానే ఉంది. ఇంకా తెల్లగానే ఉంది. ఒక్క క్షణం ఆమెకి తనే పొరబడ్డానేమో అనిపించింది. ఆ క్షణంలో ఆమె ఎంత సంతోషించిందో చెప్తే మీరు నమ్మరు. తన్నులు తినడానికి కూడా సిద్ధపడిపోయింది.

అప్పుడు అతుకు అంచున ఒక ఎర్రచుక్క పుట్టింది. దాని పక్కన ఇంకొకటి. చుక్కలన్నీ కలిసి గీత అయ్యాయి. ఆ గీత మూల నుంచి బయల్దేరి, అతుకు అంచుని పట్టుకుని, జానెడు పొడుగున సాగింది.

"అక్కా, నన్ను లాగి నువ్వు చూడు."

అక్క పడుకుంది. ఈసారి చెల్లెలు బెల్టు పట్టుకుంది. అక్క చాలాసేపు లేవలేదు. లేచాక మొహంలో నెత్తురు చుక్క లేదు.

"దీని మీద కూచుని పాటలు పాడుకున్నానే," అంది మెల్లగా. "ఎన్నాళ్ళ నించీ ఉంది ఇది?"

"తెలీదు."

"ఇంకెన్నాళ్ళు ఆగుతుంది?"

"తెలీదక్కా. ఈసారి తెలీదనే రాస్తా. ఎవరడిగినా అదే రాస్తా."

అక్క ఆమె మొహంలోకి చూసింది. చిన్నప్పుడు బడి నించి ఏడుస్తూ వస్తే చూసినట్టు చూసి, చెంప మీద ఎర్రమందు మరక వేలితో తుడిచింది. ఇంకా ఎక్కువ అంటింది.

"ఫోటో తియ్యి," అంది. "నాలుగు తియ్యి. పద కిందకి. నువ్వు ఆ మేనేజరు బల్ల మీద ముక్క పడేశావు కదా, నేనే వెళ్ళి ఎక్కి కూచుంటా. ఇంజను దింపుతాడో నన్ను దింపుతాడో చూద్దాం. ఇద్దరినీ ఉద్యోగాల్లోంచి పీకమను. రేపటి నించి ఇద్దరం కలిసి గేటు ముందు కూచుందాం."

అద్దం ఫకాలున నవ్వింది. ఆ రోజు మొదటిసారి నవ్వింది. ఫోను తీసి నాలుగు ఫోటోలు తీసింది.

సరిగ్గా అప్పుడే సైరను మోగింది.

పొడుగ్గా మోగిన ఆ సైరనుకి యార్డులో ఒకే అర్థం. క్రేను బయల్దేరుతోంది. అక్క చెయ్యి దానంతటదే చొక్కా జేబు మీదకి వెళ్ళింది. బొత్తాం పెట్టే ఉంది, లోపల చెవి ఉంది.

"ఇదిగో, నా దగ్గరే ఉంది!" అంది. ఎవరికో రుజువు చూపిస్తున్నట్టు దాన్ని బయటకి తీసి పట్టుకుంది. "ఇది లేకుండా ఎలా కదులుతుందే?"

"ఇంకో చెవి లేదా?"

అక్క నోరు తెరుచుకుంది. "మేనేజరు బీరువాలో ఒకటుంది. ఎప్పుడూ తియ్యలేదు. ఒక్కసారి కూడా తియ్యలేదు."

వాళ్ళు ఎర్రబోర్డు తగిలించింది ఈ కాలుకి. గాజు గదిలోకి ఎక్కేది అవతలి కాలు నించి. అవతలి చివర గదిలో ఒక మనిషి కూచుని ఉన్నాడు. ఇంతదూరం నించి మొహం కనపడకపోయినా, భుజాలు ముందుకు వంచి కూచునే ఆ తీరు అక్కకి మొహం కంటే బాగా తెలుసు.

"మీ బావ," అంది. "నేను పైనున్నానని ఆయనకి తెలీదే!"

అద్దం అప్పటికే ఫోను చెవికి పెట్టుకుంది. అక్క ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. "మీ బావకి చెయ్యకు, ఆయన ఫోను కింద అరలో పెట్టే ఎక్కాలి, గదిలోకి తీసుకెళ్ళనివ్వరు. మేనేజరుకి చెయ్యి."

చేసింది. రెండుసార్లు మోగాక అవతల కట్ చేశారు. మళ్ళీ చేసింది. ఈసారి మోగకుండానే కట్ అయింది. అద్దం పేరు చూసి కోసేస్తున్నాడు మహానుభావుడు.

కాళ్ళ కింద దూలం సన్నగా వణికింది. అవతలి గట్టు మీద ఇంజను నేల వదిలింది. తాళ్ళు బిగుసుకుని, అది కాస్త ఊగి, నిలకడగా పైకి లేచింది. ఎత్తడం పూర్తయ్యాక ట్రాలీ మెల్లగా కదిలింది. వాళ్ళ వైపే. ఓడ ఉన్నది నీళ్ళ వైపు, ఇంజను రావాల్సింది ఇటే. ఒక్కొక్క అడుగూ ఇటు వస్తున్నకొద్దీ ఆ బరువంతా ఈ కాలు మీదకి, ఈ మూల మీదకి, ఈ అతుకు మీదకి చేరుతుంది.

అద్దం అంచు మీద పడుకుని చూసింది. ఎర్రగీత నించి కొత్తగా మందు ఊరుతోంది. తెల్లపొడి మీద చిన్న చిన్న ధారలుగా కిందకి జారుతోంది.

"నోరు తెరుస్తోందక్కా," అంది.

"నిచ్చెన దిగిపో."

"నువ్వో?"

అక్క చేతి తొడుగులు తీసి పక్కన పడేసింది. తలగుడ్డ విప్పి చేత్తో పట్టుకుంది. రెండు పట్టాల మధ్యకి నడుచుకుంటూ వెళ్ళి, ట్రాలీ వచ్చే దారికి అడ్డంగా కాళ్ళు ఎడంగా పెట్టుకుని నిలబడింది.

"ఏం చేస్తున్నావు! దిగక్కా!"

"ఇరవయ్యేళ్ళు దీన్ని నేను నడిపించాను. ఇవ్వాళ నేనే ఆపుతాను. రమ్మను, నా మీద నించే రమ్మను!" అక్క గొంతు చించుకుని అరిచి, తలగుడ్డ గాలిలో ఊపింది. "నువ్వు దిగు, దిగమన్నానా!"

"నువ్వు దిగితే దిగుతా."

అద్దం వెళ్ళి ఆమె పక్కన నిలబడింది. కళ్ళు తిరుగుతున్నాయి. అక్క చెయ్యి పట్టుకుంది. అక్క విడిపించుకోబోయి, ఊరుకుంది. ట్రాలీ చక్రాల చప్పుడు పట్టాల గుండా వాళ్ళ అరికాళ్ళకి తగులుతోంది. గాజు గది దగ్గరికొస్తోంది, ఇప్పుడు బావ చొక్కా రంగు కూడా తెలుస్తోంది. ఇద్దరూ ఒకేసారి అరిచారు. క్రేను మోతలో ఆ అరుపు వాళ్ళకే వినపడలేదు.

బరువెత్తినప్పుడు క్రేను నడిపేవాళ్ళు చూసేది కాళ్ళ కింద గాజులోంచి, కొక్కేనికి వేలాడే బరువుని. కళ్ళు దాని మీద నించి తిప్పకూడదు, తిప్పితే బరువు ఊగుతుంది. ఆ పాఠం అతనికి పెళ్ళైన కొత్తలో దగ్గర కూచోబెట్టుకుని నేర్పింది అక్కే. ఎంత బాగా నేర్పిందంటే, భార్యా మరదలూ ఎదురుగా చేతులెత్తి నిలబడి ఉన్నా, బావ తల ఎత్తలేదు.